రోడ్డుకి అవతల నిలబడి

గ్రాఫిక్ డిజైన్‌కి తెలుగులో మాట లేదు. నిఘంటువు దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒకటి పుట్టించొచ్చు గానీ దాన్ని ఎవరూ వాడరు. మాట లేకపోతే పోనీ, ఆ పనికి జనం మనసులో ఒక చోటు కూడా లేదు. డాక్టరన్నా, లెక్చరరన్నా, చివరికి సాఫ్ట్‌వేరన్నా అవతలివాళ్ళ తల ఊగుతుంది. గ్రాఫిక్ డిజైనర్ అంటే మాత్రం ఒక్క క్షణం ఆగి, "అంటే ఫ్లెక్సీలా?" అంటారు. ఇంకాస్త తెలిసినవాళ్ళు "ఫోటోషాపా?" అంటారు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు గ్రాఫిక్స్ అన్న మాట పట్టుకుని, "బాహుబలిలో ఏనుగులూ అవీ మీరేనా?" అంటారు. పదిహేనేళ్ళుగా ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెబుతూనే ఉన్నాను. ఫ్లెక్సీలు కూడా చేశాను కాబట్టి మొదటిదానికి అవుననే అంటాను. ఏనుగులు మాత్రం నావి కావు.

సులువుగా చెప్పాలంటే ఇలా చెబుతాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో చూడండి. పాల ప్యాకెట్ మీద పేరు చదవకుండానే రంగు చూసి అవి చిక్కటి పాలో పలచటి పాలో చెప్పేస్తాం. బస్టాపులో ఉండగా దూరంగా వస్తున్న బస్సు నంబరు కనబడితే పరుగెత్తాలా వద్దా తేల్చుకుంటాం. టీ కొట్టు దగ్గర ఫోను ఎటు చూపించాలో స్టిక్కర్ చెబుతుంది. మందుల షీటు వెనక ఎక్స్‌పైరీ తేదీ కోసం దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పుతాం, కనబడకపోతే మన కళ్ళని తిట్టుకుంటాం. తిట్టాల్సింది కళ్ళని కాదు. వెండి రేకు మీద సిరా లేకుండా తేదీని నొక్కి వదిలేస్తే చాలని ఎవరో అనుకున్నారు. పాల ప్యాకెట్ రంగు విషయంలో ఇంకెవరో కొంచెం ఎక్కువ ఆలోచించారు. మనం ఎదురుగా లేనప్పుడు, మన తరఫున, మన కళ్ళ గురించి ఎవరో తీసుకున్న నిర్ణయాలివి. గ్రాఫిక్ డిజైన్ అంటే నాకు తెలిసింది ఇంతే.

అమెరికాలో విలియం ఆడిసన్ డ్విగ్గిన్స్ అనే పుస్తకాల డిజైనర్ 1922లో ఒక వ్యాసంలో 'గ్రాఫిక్ డిజైన్' అన్న మాట వాడాడు. ఈ రంగం చరిత్ర చెప్పేవాళ్ళు చాలామంది అక్కణ్ణించే మొదలుపెడతారు. మాట అక్కడిదే కావచ్చు గానీ పని అన్నిచోట్లా ఉంది. నన్నడిగితే మన దేశంలో జరిగిన అతి పెద్ద గ్రాఫిక్ డిజైన్ పని 1951-52 ఎన్నికలు. దాదాపు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు, వాళ్ళలో ఎక్కువమందికి చదవడం రాదు. అభ్యర్థికొక పెట్టె పెట్టి, దాని మీద అతని గుర్తు అంటించారు. అక్షరం రానివాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా, ఎవరికీ చెప్పకుండా తమ మనిషిని ఎంచుకోగలిగారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎన్నికల సంఘంలో పనిచేసిన ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఇలాంటి గుర్తులెన్నో పెన్సిల్‌తో గీశారు. సైకిలు, ఫ్యాను, కారు, చెయ్యి, పువ్వు అంటే చాలు, తెలుగువాళ్ళకి పార్టీ పేరు చెప్పక్కర్లేదు. మొన్నమొన్న 2010లో వచ్చిన రూపాయి గుర్తు కూడా అలాంటి పనే. దాన్ని గీసిన డి. ఉదయ్ కుమార్ ఐఐటీ బాంబేలో తమిళ అక్షరాల మీద పనిచేసిన డిజైనర్.

ఇవన్నీ నేను కాలేజీలో తెలుసుకున్నవి. పని మాత్రం అంతకుముందే, మా ఇంట్లోనే చూశాను.

మా నాన్న తెనాలిలో బోర్డులు రాసేవాడు. షాపుల బోర్డులు, విత్తనాల కంపెనీల గోడ ప్రకటనలు, బడి గోడల మీద సూక్తులు, లారీల వెనక పేర్లు, ట్రాక్టర్ ట్రక్కుల మీద పిల్లల పేర్లు. అడుగుకి ఇంత అని లెక్క. గోడకి సున్నం కొట్టి, ఆరాక, సుద్ద పూసిన దారాన్ని ఈ చివర నేను, ఆ చివర ఆయన పట్టుకుని లాగి వదిలితే గోడ మీద గీత పడేది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు గీసుకుని, ఆ తర్వాతే రంగు. సగం పనయ్యాక బ్రష్షు కిరసనాయిల్లో వేసి, చేతులు తుడుచుకుని, రోడ్డు దాటి అవతల నిలబడేవాడు. అక్కడో బీడీ వెలిగించి బోర్డు వంకే చూస్తూ ఉండేవాడు. నేను ఎండలో నిచ్చెన పట్టుకుని ఇవతల ఉండేవాణ్ణి. ఎందుకిదంతా అని ఒకసారి విసుక్కున్నాను.

"గోడ కాడ నిలబడి చూసేది నేనొక్కణ్ణేరా. మిగతా ఊరంతా అటుపక్క నుంచి చూసిద్ది," అన్నాడు.

ఆయన రోడ్డు దాటి వచ్చాక మార్పులుండేవి. అక్షరాల మధ్య గాలాడటం లేదనేవాడు. ఫోన్ నంబరు పైకి జరగాలనేవాడు, కింద పండ్ల బండి నిలబడితే కనపడదని. లారీల వెనకైతే అక్షరం లావు తగ్గించేవాడు కాదు, వెనకొచ్చే డ్రైవరు రాత్రిపూట చదవాలని. చదువు పదో తరగతి దాటలేదు గానీ, చదివేవాడు ఎక్కడుంటాడు, ఎంత దూరంలో ఉంటాడు, ఎంతసేపు చూస్తాడు అనే మూడు ప్రశ్నలూ వేసుకోకుండా బ్రష్షు పట్టేవాడు కాదు. తర్వాత నాలుగేళ్ళు డిజైన్ చదివితే మా మాస్టర్లు రకరకాల పేర్లతో నేర్పింది ఈ మూడు ప్రశ్నలనే.

తెలుగు అక్షరం ఎందుకు కష్టమో కూడా అక్కడే తెలిసింది. మన ఊళ్ళల్లో ప్రతి మూడో బోర్డు మీదా 'శ్రీ లక్ష్మీ' ఉంటుంది. ఆ 'క్ష్మీ'ని ఒకసారి కాగితం మీద పెద్దగా రాసి చూడండి. నడుమ క, దాని కింద రెండు వత్తులు, నెత్తిన గుడిదీర్ఘం. పక్కనున్న 'ల' ఒక అంతస్తు ఇల్లైతే ఇది మూడంతస్తుల మేడ. ఇంగ్లీషులో అదే పేరుని పెద్దక్షరాల్లో రాస్తే అన్నీ ఒకే ఎత్తులో పోలీసుల్లా నిలబడతాయి. రెండిటికీ ఒకే ఎత్తు చోటిస్తే తెలుగులో అసలక్షరం నలిగి సగమైపోతుంది. అందుకని నాన్న తెలుగు వరస ఎప్పుడూ ఇంగ్లీషు వరస కన్నా ఎత్తుగా కొలిచేవాడు. షాపువాళ్ళు అడిగితే, "వత్తు కాళ్ళు జాపుకోవాలి కదండీ," అనేవాడు.

2006లో మా వీధి మొదట్లో ఫ్లెక్సీ మెషీన్ వచ్చింది. రోజుకి ఒక బోర్డు రాసే చోట గంటకి పది బోర్డులు, అదీ షాపు ఓనర్ ఫోటోతో సహా. ఒక్క ఏడాదిలో నాన్న పని సగానికి పడిపోయింది, ఆ తర్వాతి ఏడాదికి దాదాపు ఆగిపోయింది. ఆయన రంగుల షాపులో కుదిరాడు. గోడల రంగులు కలిపే మెషీన్ దగ్గర, నెల జీతానికి. ఫ్లెక్సీ వాళ్ళని ఎన్నడూ తిట్టలేదు. "చవగ్గా వస్తంటే ఎవరు మాత్రం మానుకుంటారు," అనేవాడు. బజారుకెళ్ళినప్పుడు మాత్రం తలెత్తి చూసేవాడు. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలో నలభై మంది ఫోటోల మధ్య నలిగిపోయిన అక్షరాల్ని చూసి, "ఆ వత్తు కోసేశాడు చూడు," అనేవాడు. అంతకన్నా ఏమీ అనేవాడు కాదు.

ఇంటర్ సెలవుల్లో నేను చేరిన డీటీపీ సెంటర్ ఆ ఫ్లెక్సీ షాపు పక్కనే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. శుభలేఖలు, బిల్ బుక్కులు, కరపత్రాలు. అందులో తెలుగు అంటే ముక్కలు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క, ఇంగ్లీషు కీల వెనక దాగి ఉండేవి. టైపు చేసిన తెలుగుని ఇంకో చోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారిపోయేది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. అయినా మన ప్రెస్సులు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఈ ముక్కలతోనే నడిచాయి, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. కారణం బద్ధకం కాదు. యూనికోడ్ ఫాంట్లలో శుభలేఖకి పనికొచ్చే అందమైనవి లేవు. వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కి వత్తుల్ని సరిగ్గా అతికించడం రాదు.

తర్వాత హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఫైనార్ట్స్ కాలేజీ, అప్లైడ్ ఆర్ట్ కోర్సు. నేను చేరినప్పుడు అది జేఎన్‌టీయూ కింద ఉండేది. 2008లో విడిపోయి జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అయింది. మొదటి ఏడాదంతా చేత్తోనే పని. పేజీలో కన్ను మొదట ఎక్కడ పడుతుంది, అక్కణ్ణించి ఎక్కడికి పోతుంది, ఖాళీ స్థలం ఎందుకు వృథా కాదు, రెండు రంగులు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయి. ఇవి నేర్చుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ నేర్పిస్తే డిజైనర్ అయిపోతారని అమీర్‌పేట బోర్డులు చెబుతాయి. గరిట పట్టుకోవడం నేర్పి వంట వచ్చేసిందనడం లాంటిది అది.

2011లో నా మొదటి ఉద్యోగం ఒక యాడ్ ఏజెన్సీలో, నెలకి తొమ్మిది వేలు. అక్కడ నా పని పేరు 'అడాప్టేషన్'. ముంబైలో ఇంగ్లీషులో ఒక ప్రకటన తయారవుతుంది. అందులో ఇంగ్లీషు మాటలు తీసేసి ఆ ఖాళీలో తెలుగు పొయ్యాలి. బొమ్మ కదపకూడదు, చోటు పెంచకూడదు. ఇంగ్లీషులో నాలుగు మాటల వాక్యం తెలుగులోకి వచ్చేసరికి పొడుగవుతుంది, పైగా మేడలు లేస్తాయి. వరసల మధ్య దూరం ఇంగ్లీషు కోసం కొలిచింది, కాబట్టి పై వరస వత్తులు కింది వరస గుళ్ళని పొడుస్తాయి. తెలుగు ప్రకటన అంటే మొదట్నుంచీ తెలుగులో ఆలోచించి చేసేదని అక్కడ ఎవరికీ తోచదు. చివర్లో, మిగిలిన చోట్లో, మిగిలిన టైములో చేసేది. ఇవాళ్టికీ ఎన్నో యాప్‌లలో భాష తెలుగులోకి మార్చి చూడండి, బటన్ల మీద వత్తుల కాళ్ళు తెగి ఉంటాయి.

ఈ నిర్లక్ష్యం ఒకసారి ప్రపంచ వార్త అయింది కూడా. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ వాళ్ళు హడావిడిగా అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అందరూ జోకులేసుకున్నారు, నేనూ నవ్వాను. జ్ఞానంలో ఉన్న ఆ అక్షరాన్ని మనం ఒకటో తరగతిలో పలక మీద దిద్దాం. దాన్ని మోయలేక లక్ష రూపాయల ఫోను కూలబడింది. ఫోన్లు చేసేవాళ్ళ బల్ల దగ్గరికి మన అక్షరం ఎంత ఆలస్యంగా చేరిందో అప్పుడు అర్థమైంది.

అలాగని మనకి వారసత్వం లేదనడం అన్యాయం. లా చదివిన బాపు గారు గీత గీస్తే అది బొమ్మ, అక్షరం రాస్తే అదీ బొమ్మే. ఆయన చేతిరాత ఫాంటై శుభలేఖల మీదా, బోర్డుల మీదా, మీమ్‌ల మీదా తిరుగుతోంది. చాలామందికి అది ఒక మనిషి చేతిరాతని కూడా తెలియదు. చంద్ర గారు, మోహన్ గారు వేసిన ముఖచిత్రాల్ని చూసే పుస్తకాలు కొన్న తరం ఒకటుంది. ఈశ్వర్ గారు దశాబ్దాల పాటు సినిమా పోస్టర్లు చేసి, చివరికి వాటి చరిత్రనే 'సినిమా పోస్టర్' అనే పుస్తకంగా రాశారు. కంప్యూటర్ తెలుగులో, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన ఫాంటుతోనే మనలో చాలామంది ఇంటర్నెట్‌లో మొదటిసారి తెలుగు చదివాం. పురుషోత్ కుమార్ గుత్తుల చేసిన మండలి, రామభద్ర, ధూర్జటి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఎక్‌టైప్ అనే బృందం చాలా భారతీయ లిపులకి కలిపి బాలూ అనే ఫాంటు కుటుంబం చేస్తే, అందులో తెలుగు పిల్లవాడి పేరు 'బాలూ తమ్ముడు'. తమిళంలో తంబి, గుజరాతీలో భాయ్. ఆ పేర్లు చూస్తే నాకు భలే ముచ్చట. మొదటిసారి మన అక్షరం చివర్లో కాకుండా అన్నదమ్ములతో పాటు పంక్తిలో కూర్చుంది.

ఇక రంగం సంగతి. గ్రాఫిక్ డిజైన్ అనేది ఒక ఉద్యోగం కాదు, ఒక వీధి. ఒక కొట్లో లోగోలు, బ్రాండింగ్ చేస్తారు. ఒక కొట్లో ప్యాకేజింగ్, అంటే పచ్చడి సీసా లేబుల్ నుంచి మందుల పెట్టె దాకా. ఒకచోట పుస్తకాలు, పత్రికలు. ఇంకోచోట ఆస్పత్రుల్లో, మెట్రో స్టేషన్లలో దారి చూపించే బోర్డులు. యాప్‌లు, వెబ్‌సైట్లు చేసేవాళ్ళది వీధిలో ఇప్పుడు పెద్ద షాపు, జీతాలూ అక్కడే ఎక్కువ. కదిలే అక్షరాలు చేసేవాళ్ళున్నారు. ఫాంట్లు చేసేవాళ్ళు వీధి చివర చిన్న గదిలో ఉంటారు. ఒక్క తెలుగు ఫాంటుకి వత్తులూ గుణింతాలూ కలిపి వందల రూపాలు గీయాలి. అది ఏళ్ళు పట్టే పని. నేను రోజంతా యాప్‌ల పని చేసి, రాత్రుళ్ళు పుస్తకాల అట్టలు వేస్తాను. మొదటిది అద్దె కడుతుంది. రెండో దాంట్లో వచ్చేది ఆ నెల కూరగాయలకి సరిపోతే సంతోషం.

ఈ వీధిలో అందరికీ తెలిసిన కష్టాలున్నాయి. "చిన్న మార్పే కదా" అన్నది పన్నెండోసారి రావడం. "లోగో కొంచెం పెద్దది చేయండి" అన్నది ప్రతిసారీ రావడం. "మా అబ్బాయి కూడా ఫోన్లో చేస్తాడండీ" అని బేరమాడటం. డబ్బులు మూడో నెలకి రావడం. ఇవి ఏ పనిలోనైనా వేరే రూపంలో ఉంటాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను.

చెప్పాల్సింది వేరే ఉంది. గత రెండేళ్ళుగా క్లయింట్లు నా దగ్గరికి ముందే ఏఐతో బొమ్మ చేసుకుని వస్తున్నారు. మొదట్లో వాటిలో తెలుగు అక్షరాలు దూరం నుంచి తెలుగులా ఉండి, దగ్గరికెళ్తే ఏ భాషా కానట్టు ఉండేవి. మా డిజైనర్ల గ్రూపులో వాటిని పంచుకుని నవ్వుకునేవాళ్ళం. నాకు ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఫ్లెక్సీలో మొదట్లో రంగులు మూడు నెలలకే వెలిసిపోయేవని మా వీధి పెయింటర్లు కూడా అలాగే నవ్వుకున్నారు. ఇవాళ తప్పులు రాసే యంత్రం రేపు ఒప్పు రాస్తుంది. దాని తప్పుల మీద ఆధారపడి ఎవరూ బతకలేరు.

"సాధనాలు మారతాయి, దృష్టి ముఖ్యం, దృష్టి ఉన్నవాడికి ఢోకా లేదు" అని డిజైన్ సభల్లో చెబుతుంటారు. వింటానికి బాగుంటుంది. కానీ మా నాన్నకి ఆ దృష్టి ఉంది. తెనాలిలో ఏ ఫ్లెక్సీ షాపులోనూ లేనంత ఉంది. అది ఆయన పనిని కాపాడలేదు. ఊరు ఆయన దృష్టికి డబ్బు ఇవ్వలేదు, రాసిన అడుగులకి ఇచ్చింది. అడుగులు చవగ్గా దొరికిన రోజున దృష్టిని ఎవరూ అడగలేదు. ఈ నిజాన్ని పక్కనపెట్టి కొత్తగా వచ్చేవాళ్ళకి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు.

మరి ఆ చూపు ఉండి ఏం లాభం? దీనికి నా దగ్గర సిద్ధాంతం లేదు. ఒక కాగితం ఉంది.

రెండేళ్ళ క్రితం నాన్నకి స్టెంట్ వేశారు. డిశ్చార్జ్ కాగితాలన్నీ ఇంగ్లీషులో. ఏడు రకాల మాత్రలు, ఒక్కోదాని పక్కన 1-0-1 అనో 0-0-1 అనో అంకెలు. మందులిచ్చేది అమ్మ, ఆమె తెలుగు మాత్రమే చదువుతుంది. ఏ మాత్ర ఎప్పుడో చెప్పే చార్టు ఒకటి చేద్దామని కూర్చుని, మొదలుపెట్టేముందు నాన్ననే అడిగాను, ఎలా ఉంటే బాగుంటుందని. మంచం మీద పడుకునే ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

"యాడ తగిలిస్తావు?"

"వంటింట్లో, ఫ్రిజ్ మీద."

"అక్కడ లైటు వెనక నుంచి పడిద్ది. మీ అమ్మ తన నీడలోనే చదవాల. కళ్ళజోడు టీవీ కాడ ఉంటది, వంటింట్లో ఉండదు."

కాబట్టి లేత రంగులు లేవు. అక్షరం లావుగా, మూర ఎత్తు కాగితం. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు పెడదామా అన్నాను. అమ్మ వంటింట్లోంచే అంది, "సూర్యుణ్ణి చూసి మాత్రలేస్తామా, టిఫినయ్యాక వేస్తాం కానీ." కాబట్టి గడుల పేర్లు 'టిఫిన్‌కి ముందు', 'టిఫిన్ తిన్నాక', 'మధ్యాహ్నం అన్నం తిన్నాక', 'రాత్రి తిన్నాక'. మందుల పేర్లు తెలుగులో రాస్తే చాంతాడంత పొడుగొస్తున్నాయి. నాన్న అన్నాడు, "పేరెందుకు? ఖాళీ అయిన షీటు ముక్క కత్తిరించి అంటించు. రంగు చూసి పట్టుకుంటది." కొత్త షీట్లలోంచే నాలుగేసి మాత్రలు చిన్న డబ్బాలో వేసి, ఖాళీ ముక్కలు అంటించాం. అక్షరాలు ప్రింటు తీస్తానంటే ఒప్పుకోలేదు. మార్కర్ అడిగి, వెనక దిండు పెట్టించుకుని, తనే రాశాడు. మధ్యలో రెండుసార్లు నన్ను కాగితం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడమన్నాడు.

డాక్టరు మాత్రలు రెండుసార్లు మార్చారు, షీటు ముక్కలూ మారాయి. కాగితం అదే. నా పదిహేనేళ్ళ పనిలో రోజుకి నాలుగుసార్లు ఒక మనిషి ప్రాణం కోసం చదివే డిజైన్ ఇదొక్కటే, దానికి ఎవరూ డబ్బివ్వలేదు. మన ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో, రేషన్ కార్యాలయాల్లో, కోర్టుల్లో ఇలాంటి కాగితాలు తెలుగులో లక్షల్లో కావాలి. వాటిని చేసేముందు 'యాడ తగిలిస్తావు?' అని అడిగే మనిషి కావాలి. యంత్రం చార్టు చేసి ఇవ్వగలదు. అమ్మ కళ్ళజోడు టీవీ దగ్గర ఉంటుందని దానికి ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పడానికి ముందు ఎవరో ఒకరు గమనించాలి. ఆ గమనింపుకి ఊరు డబ్బిస్తుందా అన్నది ఇంకా తేలలేదు. ఇస్తుందని ప్రమాణం చేయలేను. పని మాత్రం మిగిలే ఉంది. ఎంతో ఉంది.

ఈ వేసవిలో మా అక్క కూతురు అడిగింది, "మామయ్యా, నేను డిజైన్ తీసుకుంటే బతకగలనా?" ఎంపీసీ రెండో సంవత్సరం పిల్ల. మా బావ బీటెక్ అయ్యాక సరదాకి చేసుకోమంటున్నాడు. ఆయన భయం నాకు తెలుసు, మా నాన్నకీ నా గురించి అదే ఉండేది. బావతో మాట్లాడి కాగితం మీద రాసిచ్చాను. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్లేదు. ఐఐటీల డిజైన్ కోర్సులకి యూసీడ్ పరీక్ష, ఐఐటీ హైదరాబాద్‌లో కూడా బీడెస్ ఉంది. 1961లో అహ్మదాబాద్‌లో మొదలైన ఎన్‌ఐడీకి వేరే పరీక్ష, దాని పద్ధతిలోనే మనకి ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి ఇంకో ఎన్‌ఐడీ నడుస్తోంది. నిఫ్ట్ ఉంది. ఖర్చు తక్కువలో కావాలంటే నేను చదివిన ఫైనార్ట్స్ కాలేజీ ఉంది. కొన్నిచోట్ల ఫీజులు బాగా ఎక్కువ, ముందే కనుక్కోమన్నాను. మొదటి మూడేళ్ళు బీటెక్ చేసిన స్నేహితుల జీతం అడగొద్దని పిల్లకి చెప్పాను. తెలుగు బాగా చదవమని, రాయమని కూడా చెప్పాను. ఇంగ్లీషులో అందమైన పోస్టరు చేయగలవాళ్ళు లక్షమంది ఉన్నారు. 'క్ష్మీ'ని ఓపిగ్గా నిలబెట్టగలవాళ్ళు తక్కువ.

పరీక్షలకి ముందు నేనొక పరీక్ష పెట్టాను. కాలేజీకి వెళ్ళే దారిలో 'లక్ష్మీ' అన్న పేరున్న బోర్డులన్నీ ఫోటోలు తియ్యమన్నాను. ఒక్కోటీ రెండుసార్లు, దగ్గర్నుంచి ఒకటి, రోడ్డుకి అవతల నుంచి ఒకటి. వారం తిరక్కుండా ముప్పై ఒక్క బోర్డులు పంపింది. టిఫిన్ సెంటర్లు, కిరాణా కొట్లు, ఫ్యాన్సీ స్టోర్లు, రెండు నర్సింగ్ హోములు, ఒక డ్రైవింగ్ స్కూలు. పదకొండింటిలో మ వత్తు కనపడటం లేదని తనే లెక్క రాసింది. చివరి ఫోటో కూకట్‌పల్లిలో ఒక స్వీట్ షాపుది. దాని కింద ఇలా రాసింది. "మామయ్యా, దీనికి అడ్డంగా మెట్రో పిల్లర్ ఉంది. అవతల ఎక్కడ నిలబడినా సగమే కనిపిస్తోంది. ఇప్పుడు బోర్డు మార్చాలా, నేను నిలబడే చోటు మార్చాలా?"

ఆ షాపుకి వచ్చేవాళ్ళు ఎటు నుంచి వస్తున్నారో ఒక సాయంత్రం నిలబడి చూడమన్నాను.